అంతా నార్మలేనట!

మా చెల్లెలి కేసుషీటు నా చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. వైద్యుల వృత్తి ప్రవర్తన గురించి 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాల్సిన కాగితాలవి. ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు. ఆస్పత్రిలో రికార్డులు చూసే గుమాస్తాకి మాత్రం బాగానే తెలుసు. తెలిసే తిప్పించాడు.

చివరికి దొరికిన ఆ కాగితాల్లో బీపీ, నాడి, ఎక్కించిన సెలైన్ల లెక్క, అన్నీ ఉన్నాయి. కాన్పు గురించి మాత్రం ఒకటిన్నర లైను. నార్మల్ డెలివరీ. ఆడపిల్ల. 2.9 కిలోలు. తల్లీ, బిడ్డా నార్మల్.

అదే కాన్పు గురించి మా చెల్లెలు చెప్తుంటే నేను రాసుకున్నది నాలుగు పేజీలు వచ్చింది. నొప్పులు సరిగా రావడం లేదని సెలైన్లో మందు కలిపారు. తెల్లవారుజామున ఒక ఆయా బల్ల ఎక్కి పొట్టమీద మోచేత్తో అదిమింది. అరిచినందుకు తొడమీద కొట్టారు. చెప్పకుండా కోత కోశారు. కుట్లు వేస్తున్నప్పుడు మత్తు దిగిపోయిందని మొత్తుకున్నా, ‘అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు’ అన్నారు. అదంతా ఒక రాత్రి. తర్వాతది ఏడాదిన్నర. గాలి ఆపుకోలేదు, ఒక్కోసారి విరేచనం ఆపుకోలేదు. బస్సెక్కడం మానేసింది. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ వెళ్ళడం మానేసింది. పిల్లను చంకనేసుకుని గుడిమెట్లు ఎక్కడం కూడా మానేసింది. మొగుడికి చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. టీకాలకు పిల్లను తీసుకెళ్ళినప్పుడు అక్కడి డాక్టరుకి రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఒకటే జవాబు. కాన్పయ్యాక అలాగే ఉంటుందమ్మా, నార్మలే.

నేనిప్పుడు రాయబోయేది ఆ ఒక్క మాట గురించి. ఇంతటి బాధల మధ్య ఒక ఇంగ్లీషు విశేషణం మీద కాగితాలు ఖర్చు చేయడం ఏమిటని మీకు అనిపించవచ్చు. కానీ ఆ నాలుగు పేజీల్ని ఒకటిన్నర లైనులో పూడ్చిపెట్టింది ఆ విశేషణమే. కొట్టిన చెయ్యి ఎవరిదో నేను ఏనాటికైనా కనుక్కోగలనేమో. ఈ మాటను పట్టుకోవడమే కష్టం. అది ఎవరి చేతిలోనూ ఉండదు, అందరి నోట్లోనూ ఉంటుంది.

నేను డాక్టర్ని కాను. కానీ ఈ మాటతో నాకున్న పరిచయం చాలామంది డాక్టర్లకు లేదని చెప్పగలను. 2001 నుంచి తొమ్మిదేళ్ళపాటు హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేశాను. అమీర్‌పేటలో వీధికో శిక్షణ కేంద్రం వెలసిన రోజులవి. అమెరికాలో డాక్టర్లు పగలు రోగుల్ని చూసి చెప్పిన మాటలు రాత్రికి మా చెవుల్లోకి వచ్చేవి, మేం టైపు చేసి తెల్లారేసరికి పంపేవాళ్ళం. ఆ పనిలో మేం ‘నార్మల్స్’ అని పిలిచే సరుకు ఒకటుంది. ఒక్కో డాక్టరుకి ఒక్కో నార్మల్ ఉండేది. గుండె చప్పుడు మామూలుగా ఉంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి, పొట్ట మెత్తగా ఉంది, కాళ్ళలో వాపు లేదు, ఇలా ఒక పేరా ముందే టైపు చేసి దాచిపెట్టి ఉంచేవాళ్ళం. డాక్టరు టేపులో ‘నా నార్మల్ వేసేయండి’ అంటాడు. మేం ఒక మీట నొక్కుతాం. పేరా మొత్తం వచ్చి పడుతుంది. ఆయన నిజంగా ఆ పొట్టను ముట్టుకున్నాడా లేదా అన్నది మా ఉద్యోగంలో అడగకూడని ప్రశ్న. ఒకసారి రెండు కాళ్ళూ తీసేసిన రోగి రిపోర్టులో కాళ్ళలో వాపు లేదని వచ్చింది. మా క్వాలిటీ విభాగంలో వారం రోజులు దాని గురించే నవ్వుకున్నారు. నేనూ నవ్వాను.

డాక్టర్లలోనే ఒక పాత జోకుంది. రిపోర్టుల్లో ‘వితిన్ నార్మల్ లిమిట్స్’ అని రాయడానికి బదులు డబ్ల్యూ.ఎన్.ఎల్. అని మూడక్షరాలు గిలుకుతారు. దానికి అసలు అర్థం ‘వి నెవర్ లుక్డ్’ అట, అంటే మేం అసలు చూడనేలేదు అని. జోకు వాళ్ళది. ఆ మూడక్షరాల కింద ఉన్న శరీరం మాత్రం మనది.

ఈ మాట పుట్టుక చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. లాటిన్లో నార్మా అంటే వడ్రంగి వాడే మూలమట్టం. నార్మల్ అంటే మూలమట్టానికి సరిపోయినది. లెక్కల పుస్తకాల్లో ఇప్పటికీ నార్మల్ అంటే లంబరేఖ. చెక్కకి ఆ మాట వాడినంత కాలం పేచీ లేదు, ఎందుకంటే మూలమట్టాన్ని వడ్రంగి చేతిలో మనం చూస్తాం. 19వ శతాబ్దంలో ఆ మాట వైద్యంలోకి వచ్చింది. అక్కడ మూలమట్టం కనపడదు. ఎవరు చేశారో, ఏ చెక్కతో చేశారో ఎవరూ చెప్పరు.

నిజానికి అది దేనితో చేసిందో చరిత్రలో ఉంది. బెల్జియంలో క్వెటెలే అనే ఖగోళ శాస్త్రవేత్త మనుషుల కొలతల సగటు తీసి ‘సగటు మనిషి’ అనే వాడిని తయారు చేశాడు. 1835లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ సగటు మనిషి ఒక ఊహ మాత్రమే కాదు, ఒక ఆదర్శం. ఆయన వాడిన లెక్కల్లో బాగా పేరుపడ్డది 5,738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతలు. సైనికులు! ఎక్కువమందికి ఉన్నది ఏదో అదే ఉండాల్సినది అనే ఆలోచన అలా లెక్కల వేషంలో లోపలికి వచ్చింది. వైద్య తత్వవేత్త కంగిలెమ్ 1943లోనే ఈ గారడీని విప్పి చూపించాడు. సగటు వేరు, ఆరోగ్యం వేరు, ఒకదాన్ని చూపి రెండోదాన్ని శాసించడం కుదరదన్నాడు. వైద్య కళాశాలల్లో ఆ పుస్తకం చదివించరు.

మనకు కూడా ఒక మూలమట్టం చేశారు. 1940లలో అమెరికాలో డికిన్సన్ అనే స్త్రీల వైద్యుడు, బెల్‌స్కీ అనే శిల్పి కలిసి ‘నార్మా’ అనే స్త్రీ బొమ్మ తయారు చేశారు. పక్కన ‘నార్‌మాన్’ అనే మగ బొమ్మ. సుమారు 15,000 మంది యువతుల కొలతల సగటుతో చేసిన శరీరం నార్మాది. అంతా తెల్లవాళ్ళే. క్లీవ్‌లండ్ నగరంలో ఆరోగ్య మ్యూజియం ఆ బొమ్మల్ని కొంటే, అక్కడి పత్రిక నార్మాకి సరిపోయే స్త్రీ కోసం పోటీ పెట్టింది. మూడు వేల ఎనిమిది వందల పైచిలుకు స్త్రీలు తమ కొలతలు రాసి పంపించారు. తొమ్మిది కొలతల్లోనూ సరిపోయిన మనిషి ఒక్కతీ లేదు. దాంతో బొమ్మ తప్పని ఒప్పుకున్నారా? లేదు. దగ్గరగా వచ్చినామెకు బహుమతి ఇచ్చి, అమెరికా ఆడవాళ్ళకు వ్యాయామం చాలడం లేదని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు.

ఎప్పటిదో మ్యూజియం బొమ్మ అని కొట్టిపారేయకండి. ‘నార్‌మాన్’ తమ్ముళ్ళు ఇంకా బతికే ఉన్నారు. రేడియేషన్ లెక్కల కోసం 1975లో స్థిరపరచిన ప్రామాణిక మనిషి 70 కిలోల మగవాడు, పాశ్చాత్యుడు. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలను మందుల తొలి ప్రయోగాల్లో చేర్చవద్దంది. ఆ మాట వెనక్కి తీసుకున్నది 1993లో. జోల్పిడెమ్ అనే నిద్రమాత్రకు 1992లో అక్కడ అనుమతి వచ్చింది. స్త్రీల ఒంట్లో అది నెమ్మదిగా కరుగుతుందనీ, తెల్లారాక కూడా మత్తు మిగులుతుందనీ గుర్తించి స్త్రీల మోతాదు సగానికి తగ్గించమన్నది 2013లో. ఇరవై ఏళ్ళపాటు ‘నార్మల్ డోసు’ అంటే మగవాడి డోసు. గుండెపోటు సంగతీ అంతే. మగవాళ్ళకు ఎక్కువగా కనిపించే లక్షణాలు సిసలైనవి, ఆడవాళ్ళు చెప్పేవి ‘వింత’ లక్షణాలు. ఛాతీనొప్పికి ఆ మాట వాడటం మానేయమని అమెరికా గుండె వైద్య సంఘాలు చెప్పింది 2021లో.

ఇక మన రక్తం దగ్గరికి వద్దాం. మనలో ఎవరి బీరువా తీసినా ఒక లాబ్ రిపోర్టు దొరుకుతుంది. ఎడమవైపు పరీక్ష పేరు, మధ్యలో మన అంకె, కుడివైపు నార్మల్ అంకెలు. ఆ కుడివైపు గడిని మనం శాసనంలా చూస్తాం. అది తయారయ్యే పద్ధతి ఇది. ఆరోగ్యంగా ఉన్నారనుకున్న కొంతమందిని తీసుకుంటారు. 120 మంది ఉంటే చాలని నియమం. వాళ్ళ అంకెల్ని వరసగా పేర్చి, అటు రెండున్నర శాతం, ఇటు రెండున్నర శాతం కోసేస్తారు. మధ్యలో మిగిలిన 95 శాతం నార్మల్. అంటే ఆరోగ్యవంతుల్లోనే నూటికి ఐదుగురు పుట్టుకతోనే గీత బయట పడిపోతారు. ఒకదానితో ఒకటి సంబంధంలేని 20 పరీక్షలు చేయిస్తే, ఏ జబ్బూ లేని మనిషికైనా కనీసం ఒకటి ‘అబ్‌నార్మల్’ వచ్చే అవకాశం సుమారు 64 శాతం. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలు అమ్మేవాళ్ళకి ఈ లెక్క తెలియదనుకోను. ఈ గందరగోళం చూసే 1969లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు గ్రాస్‌బెక్, సారిస్ ‘నార్మల్ విలువలు’ అనకండి, ‘రిఫరెన్స్ విలువలు’ అనండి, ఎవరితో పోల్చారో చెప్పండి అన్నారు. అంతర్జాతీయ సంఘాలు ఒప్పుకున్నాయి. మన ఊరి లాబుల్లో కొన్ని కాగితం మీద మాట మార్చాయి. నోటిమాట మారలేదు.

అయితే ‘ఆరోగ్యంగా ఉన్నారనుకున్న’ ఆ మనుషులు ఎవరు? ఇక్కడే అసలు మోసం ఉంది. ఫెర్రిటిన్ అనే పరీక్ష ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెబుతుంది. చాలా రిపోర్టుల్లో మగవాళ్ళ గడిలో కింది గీత 20, 30 దగ్గర ఉంటే ఆడవాళ్ళకి 10, 12 దగ్గర ఉంటుంది. ఆడవాళ్ళ శరీరానికి ఇనుము తక్కువ చాలునా? కాదు. నెలనెలా రక్తం పోతూ, కాన్పుల్లో పోతూ, అందరూ తిన్నాక మిగిలింది తినే స్త్రీలలో నిల్వలు ఖాళీ అయినవాళ్ళు చాలామంది. వాళ్ళు మంచం పట్టలేదు కనుక, పని చేసుకుంటున్నారు కనుక ‘ఆరోగ్యవంతులు’ అని లెక్కలో కలిపేశారు. కలిపి సగటు తీస్తే గీత కిందికి దిగింది. దిగిన గీతను మళ్ళీ మనకే చూపించి, చూడమ్మా, నువ్వు నార్మలే అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్ళకి ఆడామగా తేడా లేకుండా 15 కన్నా తక్కువుంటే ఇనుము లోపమే. మరి ఫెర్రిటిన్ 13 ఉన్న స్త్రీ రోగా, కాదా? లాబ్ కాగితం ప్రకారం కాదు. ఆమె మెట్లెక్కుతూ ఆయాసంతో మధ్యలో కూర్చుంటే అది బద్ధకం. జుట్టు ఊడితే షాంపూ మార్చాలి. నీరసమంటే ‘టెన్షన్స్ పెట్టుకోకు’ అని సలహా.

హిమోగ్లోబిన్ విషయంలో ఈ మాట ఇంకో వేషం వేస్తుంది. అక్కడ గీత బాగానే ఉంది, గర్భం లేని స్త్రీకి 12 గ్రాములు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్ళు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సగానికి పైగా! దాంతో ఏమైంది? తొమ్మిదిన్నర గ్రాములున్న అమ్మాయితో నర్సు అంటుంది, మన ఆడవాళ్ళకి ఇంతేలేమ్మా, నార్మలే. ఆమె అబద్ధం చెప్పడం లేదు. ఎక్కువమందికి ఉన్నది అనే అర్థంలో అది నిజంగానే నార్మల్. బాగున్నది అనే అర్థంలో కాదు. ఒక అర్థంతో తలుపు తెరిచి, ఇంకో అర్థంతో మూసేస్తుంది ఈ మాట.

ఈ రెండు అర్థాలూ తెలుగులో విడివిడిగా ఉన్నాయి. ఎప్పుడూ జరిగేది మామూలు. దానంతటది జరిగేది సహజం. జబ్బు లేనిది ఆరోగ్యం. జరగాల్సినది న్యాయం, లేదా పద్ధతి. మామూలుగా జరిగేదంతా న్యాయం కాదని మన అమ్మమ్మలకు వేరే చెప్పాల్సిన పనిలేదు. మాటల్లోనే ఆ తేడా ఉంది. ఆ నాలుగింటినీ ఒక్క గంపలో వేసి కలిపేసింది నార్మల్ అనే మాట. ‘మామూలు’ కూడా తక్కువది కాదనుకోండి. కాన్పుల వార్డులో మగపిల్లాడైతే ఇంత, ఆడపిల్లయితే ఇంత అని చెయ్యి చాపి అడిగే లంచానికి మనం పెట్టుకున్న పేరు మామూలే కదా. ఎప్పుడూ ఇస్తున్నది కనుక ఇవ్వాల్సిందే అయింది. వైద్యశాస్త్రం నార్మల్ అనే మాటతో చేసేది సరిగ్గా ఆ పనే. కాకపోతే దానికి రసీదు ఇస్తుంది.

కాన్పు నొప్పుల గడియారం ఎలా తయారైందో చూడండి. గర్భాశయ ముఖం గంటకి ఇంత చొప్పున తెరుచుకోవాలని ప్రపంచమంతా నమ్మిన గీత 1950లలో న్యూయార్క్‌లో ఫ్రీడ్‌మన్ అనే డాక్టరు గీసినది. 1955లో ఆయన ప్రచురించిన పరిశీలనకు ఆధారం ఒకే ఆస్పత్రిలో తొలికాన్పు స్త్రీలు 500 మంది. వాళ్ళలో దాదాపు అందరికీ మత్తుమందులిచ్చారు, సగానికి పైగా ఫోర్సెప్స్ వేసి బిడ్డను తీశారు. దాని ఆధారంగా ‘నార్మల్ లేబర్’ ఏమిటో తేలింది! తర్వాత గంటకి ఒక సెంటీమీటరు అనే లెక్క పార్టోగ్రాఫుల మీద గీతగా మారి కాన్పు గదుల్లోకి చేరింది. దాన్ని అందుకోలేని స్త్రీకి సెలైన్లో మందు, లేదా కత్తి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఒక సెంటీమీటరు లెక్క చాలామంది స్త్రీలకు వర్తించదని, దాని ఆధారంగా మాత్రమే జోక్యం చేసుకోవద్దని చెప్పింది. అదే పత్రంలో పొట్టమీద అదిమి బిడ్డను నెట్టవద్దనీ, అందరికీ అలవాటుగా కోత పెట్టవద్దనీ ఉంది. మా చెల్లెలికి చేసినవి ఆ మూడూ. చేసి నార్మల్ అని రాశారు.

‘నార్మలా, ఆపరేషనా?’ అని మనం అడుగుతాం. బాలింతను చూడటానికి వెళ్ళి మొదట అడిగేది అదే. ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. యోని ద్వారా అయిన కాన్పు అనడానికి మనకు నోరు రాదు. ఆ సిగ్గుకి నార్మల్ అనే మాట చాటు. మనం వేసుకున్న ఆ పరదా వెనకే కోతలు, కుట్లు, చీలికలు అన్నీ దాగిపోతున్నాయి. బిడ్డ కింది నుంచి వచ్చిందంటే చాలు, తల్లికి ఏం జరిగినా అది నార్మల్. చీలికకు నాలుగు దశలున్నాయి. మొదటిది చర్మం వరకే, మూడోది మలద్వారం కండరం దాకా, నాలుగోది ఇంకా లోపలికి. ఏ దశో అప్పుడే చూసి సరిగ్గా కుట్టాలి. మా చెల్లెలి కేసుషీటులో దశ రాసే చోటే లేదు.

మరోపక్క, సర్వే లెక్క ప్రకారమే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు, ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తం మీద 21.5. పదింటిలో ఆరు కాన్పులు కత్తితో అయ్యే చోట నార్మల్ అంటే ఏమిటి? ముహూర్తం పెట్టించుకుని కోయించుకునేవాళ్ళ మీద విసుర్లు విసరడం తేలిక. పురుటిగదిలో కొట్టే చేతుల్ని తలచుకుని ఆపరేషన్ అడుక్కునే అమ్మాయిల గురించి మాట్లాడటమే మనకు ఇంకా అలవాటు కాలేదు. ఆపరేషన్ అయిన అమ్మాయిని ‘ఓర్చుకోలేకపోయావా’ అనే అత్తలూ మనలోనే ఉన్నారు. ఈ మాట డాక్టరు కాగితం మీద ఒక వర్ణన, ఇంటికొచ్చేసరికి ఒక సర్టిఫికెట్.

అందుకే నార్మల్ డెలివరీలు పెంచాలి అనే నినాదాన్ని కూడా నేను కళ్ళు మూసుకుని సమర్థించను. ఆపరేషన్లు తగ్గాలి, నిజమే. కానీ ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. బారో పట్టణంలోని ప్రభుత్వ ఆస్పత్రి మీద 2015లో వచ్చిన కర్కప్ విచారణ నివేదిక ప్రకారం, అక్కడి మంత్రసానుల్లో కొందరు ఎలాగైనా సరే నార్మల్‌గానే కావాలన్న పట్టుదలతో ప్రమాదాన్ని చూసీ డాక్టర్ని పిలవలేదు. అదొక్కటే కారణం కాదు, జట్ల మధ్య కక్షలు, తప్పుల్ని దాచడం కూడా ఉన్నాయి. 2004-2013 మధ్య నివారించగలిగిన మరణాలు 11 మంది శిశువులు, ఒక తల్లి. 2017కల్లా అక్కడి మంత్రసానుల సంఘమే తన నార్మల్ బర్త్ ప్రచారాన్ని వదులుకుంది. ఒక విశేషణాన్ని లక్ష్యంగా పెట్టుకుంటే మనుషులు కంటికి ఆనరు.

బహిష్టు విషయంలో ఈ మాట ఆడే ఆట నాకు నవ్వు తెప్పిస్తుంది. పెళ్ళికి ముందు మెలితిప్పే నొప్పి వస్తే ‘నార్మలే, పెళ్ళయితే పోతుంది’. అది ఎండోమెట్రియోసిస్ అని తేలడానికి ఏళ్ళు పడుతుంది. నలభైకి దగ్గరపడి రక్తస్రావం అటూ ఇటూ అయితే ఉన్నట్టుండి ‘అబ్‌నార్మల్’, గర్భసంచి తీసేద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి పోగొట్టుకున్నవాళ్ళు ఎనిమిది, తొమ్మిది శాతం, దేశం సగటుకి రెట్టింపు కన్నా ఎక్కువ. అదే రక్తస్రావం 2017 నుంచి ప్రభుత్వం ఇస్తున్న మూడు నెలల గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల అటూ ఇటూ అయితే మళ్ళీ ‘నార్మలే, భయపడకు’. రక్తం అదే, మనిషి అదే. కత్తి అమ్మాలా, సూది అమ్మాలా అన్న దాన్నిబట్టి విశేషణం మారింది. ఇంజెక్షన్‌తో వచ్చే మార్పులు చాలామందిలో ప్రమాదం కాకపోవచ్చు. అలాగని చెప్పండి. ఎంతమందికి వస్తుంది, ఎన్నాళ్ళుంటుంది, ఎప్పుడు పరిగెత్తుకు రావాలి, అది చెప్పండి. నార్మల్ అనే మాట ఈ మూడింటిలో ఏ ఒక్కటీ చెప్పదు.

ఇదంతా మా పాత ఆఫీసు స్నేహితురాలికి చెప్తే ఒక ప్రశ్న వేసింది. ఆమె ఇప్పుడు ఒక నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెబుతోంది. ‘భయంతో వణికిపోతూ వచ్చిన మనిషికి నార్మల్ అనే ఒక్క మాటతో ఎంత ధైర్యమొస్తుందో తెలుసా? దాన్ని కూడా లాగేసుకుంటావా?’ అంది. న్యాయమైన మాటే. క్యాన్సర్ వస్తుందని బెదిరిస్తే గర్భసంచి కోయించుకోవడానికి సిద్ధపడ్డ స్త్రీకి, నీ వయసుకి ఇది మామూలే అని ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఆపరేషన్ తప్పేది. అక్కడ ఆ మాట దొరకదు. ఎక్కడ ఖర్చు పెట్టాలో అక్కడ పిసినారితనం, ఎక్కడ వద్దో అక్కడ దుబారా. నేను ఆ మాటను నిషేధించమనడం లేదు. కాగితం మీద రాసేటప్పుడు దేనితో పోల్చి నార్మల్ అన్నారో రాయమంటున్నాను. అంకె ఎంత, గీత ఎవరిది, పోయినసారి ఇదే మనిషికి ఎంత ఉంది. కాన్పయితే ఏ మందు ఇచ్చారు, కోత పెట్టారా, ఎందుకు, అడిగారా, చీలిక ఏ దశ, మత్తు ఇచ్చి కుట్టారా, ఎవరు కుట్టారు. పది లైన్లు. టైము లేదంటారు. మీట నొక్కితే పేరా పడే కాలంలో, ఆ మీట కింద ఇరవై వేల పేరాలు పడేసిన దాన్ని చెప్తున్నాను, టైము లేక కాదు.

మనం కూడా చేయాల్సింది ఉంది. నార్మలేనమ్మా అన్నప్పుడు తలూపి బయటికి రాకుండా, ‘అంటే ఎంత?’ అని అడగాలి. కాగితం అడిగి తీసుకోవాలి. విసుక్కుంటారు, చదువుకున్నదానిననే పొగరు అంటారు. చదువురాని మా పెద్దమ్మ ఒకసారి బీపీ నార్మల్ అన్న డాక్టర్ని ‘నీ నార్మలా, నా నార్మలా?’ అని అడిగింది. ఆయన నవ్వి అంకె చెప్పాడు. కిందటి నెల అంకె ఆమెకి గుర్తుంది.

చెల్లెల్ని పోయిన సంవత్సరం ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఇరవై నిమిషాలు పరీక్ష చేసింది. చేసే ముందు ఏం చేయబోతోందో చెప్పింది. తర్వాత నాలుగు లైన్లు రాసింది. మూడో దశ చీలిక, కాన్పు సమయంలో కుట్టినట్టు కనబడటం లేదు, కండరం ఫలానా చోట విడిపోయి ఉంది, వ్యాయామాలు మూడు నెలలు, తర్వాత ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు, పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను. ఆటోలో కూర్చున్నాక చెల్లెలు ఆ కాగితం నా చేత మూడుసార్లు చదివించుకుంది. ఒక్కో మాటకి అర్థం చెప్పించుకుంది. ‘అయితే దీనికో పేరుందన్నమాట’ అంది.

ఆ రాత్రే బావకి చెప్పేసింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదట. పొద్దున లేచి, వ్యాయామాలు రోజుకెన్నిసార్లు చేయమన్నారని అడిగాడట.

మొదటి ఆస్పత్రికి, రికార్డులో నార్మల్ అని ఉన్నచోట జరిగింది జరిగినట్టు రాయమని ఈ డాక్టరమ్మ కాగితం నకలు జతచేసి దరఖాస్తు పెట్టాం. జవాబు లేదు. పోయిన నెల మళ్ళీ పెట్టాం. ఈసారి గుమాస్తా చేత తారీఖు వేయించి సంతకం తీసుకున్నాం.